జర్మనీ చరిత్రమునుండి మనము నేర్వదగిన పాఠము

ఉపోద్ఘాతము

ఉన్నత పాఠశాలలలో జర్మనీ దేశచరిత్రము తఱచు తేదీల పట్టికగనే చదువబడుచున్నది. 1871, 1914, 1933, 1939, 1945 అను సంవత్సరములను విద్యార్థులు కంఠస్థము చేసి, పరీక్ష ముగియగనే మఱచిపోవుదురు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల బాలబాలికలకు ఆ దూరదేశపు కథతో నేమి పని యని తల్లిదండ్రులు కొందఱు అడుగుట కలదు. ఆ ప్రశ్నకు సమాధానముగ నీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఆ దేశము మనకు కేవలము పరాయిది కాదు. 1842 జూలై 31వ తేదీన గుంటూరు చేరి, యచ్చట లూథరను మిషను పనికి పునాది వేసిన ఫాదర్ హయ్యరుగారు 1793లో జర్మను దేశమందలి హెల్మ్‌స్టెట్ పట్టణమున జన్మించి, బాల్యముననే అమెరికా కేగినవారు. రాజమహేంద్రవరమున లూథరను మిషను పని నారంభించినవారు ఉత్తర జర్మనీ మిషను వారు. నెల్లూరునకు దక్షిణ భాగమున హెర్మన్స్‌బర్గు మిషనును, సాలూరు, పార్వతీపురము, జయపురము ప్రాంతములందు బ్రెక్లము మిషనును పని చేసినవి. తెనాలి, రేపల్లెలలో లూథరను సంఘము లెఱిగిన జ్ఞానోపదేశము మార్టిన్ లూథరు వ్రాసినది.

అట్టి దేశమున బడికి పోని బాలుడు అరుదు. అచ్చటి విశ్వవిద్యాలయములకు ప్రపంచమంతటి నుండి విద్యార్థులు పోవుచుండిరి. సంగీతము, రసాయనశాస్త్రము, వేదాంతము, బైబిలు పరిశోధన మున్నగు వానియందు వారు అగ్రగణ్యులు. ఇంత చదువుకొన్న జాతి, సామ్రాజ్యముగ నేర్పడిన 75 సంవత్సరములలోపల, లోకమెన్నడు చూడని ఘోరమునకు ఎట్లు పాల్పడెను? చదువు చెప్పుట వృత్తిగ గల మాకు ఇది చరిత్రలో నెల్ల ముఖ్యమైన ప్రశ్నగ తోచుచున్నది.

1. ఐక్యమునకు రెండు మార్గములు

19వ శతాబ్ది యారంభమున జర్మనీ యను పేరుగల యొక రాజ్యము లేదు. 1815లో నేర్పడిన జర్మను సమాఖ్యయందు 39 రాజ్యము లుండెను. ఆస్ట్రియా, ప్రష్యాలు పెద్దవి. కొన్ని మన పూర్వపు తాలూకాలకంటె చిన్నవి. వీని నన్నిటిని కలిపిన సూత్రము భాష యొక్కటియే. 1834లో ప్రష్యా నాయకత్వమున సుంకముల సంఘ మేర్పడి, ఒక రాజ్యమునుండి మఱియొక రాజ్యమునకు సరకులు స్వేచ్ఛగ పోవుటకు వీలు కలిగెను. రైలుమార్గములు పట్టణములను దగ్గఱ చేసెను.

మొదటి ప్రయత్నము చర్చలచే జరిగినది. 1848 మే 18వ తేదీన ఫ్రాంకుఫర్టు నగరమందలి సెంటుపాల్ దేవాలయమున జర్మను ప్రజాప్రతినిధులు సమావేశమై, స్వాతంత్ర్యము, ఐక్యము రెండును గల రాజ్యాంగమును వ్రాసిరి. వారు ప్రష్యా రాజునకు కిరీటము నర్పింపగా, ప్రజల చేతినుండి వచ్చు కిరీటమును ఆతడు స్వీకరింపడయ్యెను. సభ చెదరిపోయెను.

రెండవ మార్గము బిస్మార్కుది. 1862లో ప్రష్యా ప్రధానమంత్రి యైన యీతడు, ఆ కాలపు గొప్ప ప్రశ్నలు ఉపన్యాసములచేతను అధికసంఖ్యాకుల తీర్మానములచేతను తీరవనియు, ఇనుముచేతను రక్తముచేతనే తీరుననియు చెప్పెను. చెప్పినట్లే చేసెను. 1864లో డెన్మార్కుతోను, 1866లో ఆస్ట్రియాతోను, 1870లో ఫ్రాన్సుతోను యుద్ధములు జరిగెను. మూటను ప్రష్యాయే గెలిచెను. 1871 జనవరి 18వ తేదీన, ఓడిన ఫ్రాన్సు దేశములోని వెర్సేల్సు రాజమందిరమున, అద్దముల సభాభవనమందు ప్రష్యా రాజగు మొదటి విలియము జర్మను చక్రవర్తిగ ప్రకటింపబడెను. ఫ్రాన్సు 500 కోట్ల ఫ్రాంకుల నష్టపరిహారమును, ఆల్సేసును, లోరేనులో నొక భాగమును ఒప్పగింపవలసి వచ్చెను.

ఒక భాష మాటలాడువా రొక పాలన క్రిందికి రావలెనను కోరిక తెలుగువారికి క్రొత్త కాదు. 1913 మే నెలలో మన బాపట్లయందే బయ్యా నరసింహేశ్వరశర్మగారి యధ్యక్షతను ప్రథమాంధ్ర మహాసభ జరిగెను. ఆ సభ మొదలు 40 సంవత్సరములు సభలు, పత్రికలు, తీర్మానములు నడచెను. తుదకు 1952 డిసెంబరు 15వ తేదీన పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షలో ప్రాణములు విడిచిరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. నడుమ అల్లరులును కాల్పులును జరిగిన మాట నిజమే. అయినను పొరుగువారిపై దండెత్తి సంపాదించిన రాష్ట్రము కాదది. విద్యార్థులు ఈ రెండు మార్గములను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. యుద్ధముచే ఇల్లు కట్టుకొన్నవాడు, ఆ యింటికి కావలియు యుద్ధమే యని నమ్మును. జర్మనీకి కలిగిన మొదటి దుర్గతి యిదియే.

2. కైజరు సామ్రాజ్యము, మొదటి ప్రపంచయుద్ధము

క్రొత్త సామ్రాజ్యమునకు రైక్‌స్టాగు అను ప్రజాసభ కలదు. 25 సంవత్సరములు నిండిన పురుషులందఱకు ఓటు కలదు. కాని చాన్సలరును నియమించుటయు తొలగించుటయు చక్రవర్తి చేతిలోనిదే గాని సభ చేతిలోనిది కాదు. బిస్మార్కు 1883లో రోగులకును, 1884లో పనిలో గాయపడినవారికిని, 1889లో వృద్ధులకును భీమా చట్టములు చేసెను. ఇవి యితర దేశములకు మార్గదర్శకములైనవి. ప్రజలకు భద్రత లభించెను, అధికారము లభింపలేదు.

1888లో రెండవ విలియము కైజరయ్యెను. 1890లో బిస్మార్కును తొలగించెను. జర్మనీ ఉక్కు పరిశ్రమలో ఇంగ్లండును మించెను. 1898 మొదలు గొప్ప నౌకాదళమును కట్టుటకు పూనుకొనెను. భయపడిన ఫ్రాన్సు, రష్యా, ఇంగ్లండు దేశములు క్రమముగ ఏకమైనవి. 1914 జూన్ 28వ తేదీన సరయేవోలో ఆస్ట్రియా యువరాజు హత్య కాగా, ఆగష్టు మొదటివారమునకు ఐరోపా యంతయు యుద్ధమున పడెను.

అప్పుడు పండితు లేమి చేసిరి? 1914 అక్టోబరులో జర్మను విద్వాంసులును కళావేత్తలును 93 మంది, తమ సైన్యము బెల్జియములో ఏ యపరాధమును చేయలేదని లోకమునకు ప్రకటనపత్ర మొకటి విడుదల చేసిరి. అచ్చటి సంగతులను వారిలో నెవరును స్వయముగ విచారించి యుండలేదు. ఐన్‌స్టీను దానికి మాఱుగ వ్రాయబడిన శాంతిపత్రముపై సంతకము చేసెను. అతనితో చేరినవారు మిక్కిలి కొలదిమంది. తెలిసినవారు తెలియని సంగతిపై సాక్ష్యము చెప్పుట యిట్లు మొదలయ్యెను.

ఆ యుద్ధము మన తీరమునకును వచ్చినది. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెను అను జర్మను యుద్ధనౌక మద్రాసు రేవుపై గుండ్లు కురిపించి, చమురు తొట్లను తగులబెట్టెను. మన దేశమునుండి 10 లక్షలకు మించిన జనులు సముద్రము దాటి సేవచేసిరి. సుమారు 74,000 మంది మరణించిరి. తెలుగుదేశమున నున్న జర్మను మిషనరీలు శత్రుదేశీయులుగ నిర్బంధింపబడి, స్వదేశమునకు పంపబడిరి. వారి సంఘములను, పాఠశాలలను అమెరికా లూథరనులు చేపట్టిరి. కాపరులు పోయినను మంద చెదరిపోకుండుటకు దేశీయులగు ఉపదేశకులును ఉపాధ్యాయులును చేసిన సేవ జ్ఞాపకముంచుకొనదగినది.

3. ఓటమియు, బలహీనమగు ప్రజాప్రభుత్వమును

1918 నవంబరులో కైజరు పదవిని విడిచి హాలండునకు పాఱిపోయెను. 11వ తేదీన యుద్ధము ముగిసెను. సుమారు 20 లక్షల జర్మను సైనికులు చనిపోయిరి. 1919 జూన్ 28వ తేదీన సంధిపత్రముపై సంతకము చేయించిన స్థలము, 1871లో సామ్రాజ్యము ప్రకటింపబడిన ఆ యద్దముల సభాభవనమే. పగకు జ్ఞాపకశక్తి యధికము. జర్మను సైన్యము 1,00,000 మందికి తగ్గింపబడెను. 1921లో నష్టపరిహారము 13,200 కోట్ల బంగారు మార్కులుగ నిర్ణయింపబడెను.

వైమారు నగరమున వ్రాయబడిన 1919 నాటి రాజ్యాంగము ఉత్తమమైనది. స్త్రీలకును ఓటు కలదు. కాని అందు 48వ యధికరణము ఆపత్సమయమున అధ్యక్షుడు సభ నడుగకయే శాసనములు చేయవచ్చునని చెప్పెను. ఇంటి తాళపుచెవిని వాకిటనే వ్రేలాడదీసినట్లయ్యెను.

1923 నవంబరు నాటికి ఒక అమెరికా డాలరునకు 4,20,000 కోట్ల మార్కులు ఈయవలసి వచ్చెను. జీవితమంతయు కూడబెట్టినవారి నిలువ ఒక రొట్టెకైనను చాలలేదు. తరువాత కొంత నెమ్మది కలిగినను, 1929 నాటి ఆర్థికమాంద్యముచే 1932లో సుమారు 60 లక్షలమందికి పని లేకపోయెను. 1928లో నూటికి 3 ఓట్లయినను రాని హిట్లరు కక్షికి 1932 జూలైలో నూటికి 37 వచ్చెను. స్వేచ్ఛగ జరిగిన ఏ యెన్నికయందును వారికి సగము ఓట్లు రాలేదని విద్యార్థులు గుర్తింపవలెను. తాము అతనిని అదుపులో నుంచుకొనగలమని తలచిన పెద్దమనుష్యులు కొందఱు చెప్పగా, 1933 జనవరి 30వ తేదీన అధ్యక్షుడు హిండెన్‌బర్గు హిట్లరును చాన్సలరుగ నియమించెను. మార్చి 23వ తేదీన సభయే తన యధికారమును అతనికి ధారపోసెను. అనుకూలముగ 444 ఓట్లు, ప్రతికూలముగ 94. ఆ 94 మందియు సోషల్ డెమొక్రాటులు.

4. పాఠశాలయు, సంఘమును

ఇక మనకు మిక్కిలి సంబంధించిన భాగమునకు వచ్చితిమి.

1933 ఏప్రిలు 7వ తేదీ చట్టముచే యూదులగు ఉద్యోగులు, ఉపాధ్యాయులు, ఆచార్యులు పనినుండి తొలగింపబడిరి. వారి సహోద్యోగులలో నోరు విప్పినవారు అత్యల్పులు. ఖాళీయైన పదవులను సంతోషముతో స్వీకరించినవారు పెక్కండ్రు. మే 10వ తేదీ రాత్రి విశ్వవిద్యాలయ విద్యార్థులే పుస్తకములను బండ్లపై తెచ్చి మంటలలో వేసిరి. ఉపాధ్యాయులలో నధికసంఖ్యాకులు నాజీ యుపాధ్యాయ సంఘమున చేరిరి. జీవశాస్త్రపు పాఠములో జాతిభేదమును, లెక్కల పాఠములో వికలాంగుల పోషణకగు వ్యయమును బోధించిరి. ఎవని ప్రాణమునకు ఎంత ఖర్చని బాలుడు పలకపై లెక్కించుట నేర్చిన పిమ్మట, వానిచే ఏ పనినైనను చేయింపవచ్చును.

‘ఆర్య’ శబ్దము మన భాషలనుండి పోయినదే. సంస్కృతమునకును ఐరోపా భాషలకును గల చుట్టఱికమును కనుగొన్న పండితులు దానిని భాషాకుటుంబమునకు పేరుగ వాడిరి. అది భాషకు చెల్లును గాని రక్తమునకు చెల్లదని, జర్మనీలో జన్మించిన మాక్సుమూలరుగారే 1888లో హెచ్చరించిరి. నాజీలు దానిని జాతికి పేరుచేసి, మన గడపలపై శుభమునకు వేయు స్వస్తికమును ద్వేషమునకు గుఱుతు చేసిరి. 1935 సెప్టెంబరు 15 నాటి న్యూరెంబర్గు చట్టములచే యూదులకు పౌరసత్వము పోయెను. వారితో వివాహములు నేరమయ్యెను. మనుష్యుడు ఎవడో తెలిసికొనుటకు ఆతని గుణమును గాని నమ్మికను గాని విచారింపక, తాతలును అవ్వలును నలుగురు ఎవరని విచారించిరి. క్రైస్తవ బాప్తిస్మము పొందినవాడైనను యూదుడుగనే యెంచబడెను.

సంఘ మేమి చేసెను? ఇది చెప్పుటకు సిగ్గుపడవలసినదే, అయినను దాచిపెట్టరాదు. ‘జర్మను క్రైస్తవులు’ అను పక్షమువారు ఈ జాతినియమమును సంఘములోనికే తెచ్చి, యూద రక్తముగల బోధకులను తొలగింపవలెనని కోరిరి. లూథరు 1543లో యూదులకు విరోధముగ వ్రాసిన కఠినమైన పుస్తకమును నాజీలు మరల ప్రచారము చేసిరి. 1938 నవంబరు 9వ తేదీ రాత్రియు మఱునాడును యూదుల ప్రార్థనామందిరములు వందలకొలది తగులబడెను. నవంబరు 10 లూథరు పుట్టినదినము. లూథరు వలన మనము పొందిన మేలును మఱువనక్కఱలేదు. ఆయన తప్పును ఒప్పని చెప్పనక్కఱయు లేదు. 1994లో అమెరికాలోని సువార్త లూథరను సంఘము ఆ వ్రాతలను బహిరంగముగ నిరాకరించెను.

ఎదిరించినవారును కలరు. 1934 మే నెలాఖరున బార్మెను పట్టణమున కూడిన సంఘప్రతినిధులు, సంఘమునకు క్రీస్తు తప్ప వేఱు నాయకుడు లేడని ప్రకటించిరి. అందలి మార్టిన్ నీమొల్లరు మొదట హిట్లరు రాకకు సంతసించినవాడే. కన్నులు తెఱచిన పిమ్మట ఎదిరించి, 1937లో పట్టుబడి, 1945 వఱకు చెఱలో నుండెను. డీట్రిచ్ బాన్‌హాఫరు అను యువబోధకుడు గాంధీమహాత్ముని యాశ్రమమునకు వచ్చి అహింసా మార్గమును నేర్వగోరెను. 1934లో గాంధీగారు ఆహ్వానించిరి. ఆ ప్రయాణము సాగలేదు. 1945 ఏప్రిలు 9వ తేదీన, యుద్ధము ముగియుటకు ఒక నెల ముందు, ఆతడు ఉరితీయబడెను.

మఱియొక సంగతి. వికలాంగులను, మతిచెడినవారిని ఆస్పత్రులలో రహస్యముగ చంపు పని 1939లో ఆరంభమై, 1941 ఆగష్టు నాటికి సుమారు 70,000 మందిని బలిగొన్నది. లూథరను బిషపు వుర్ము ప్రభుత్వమునకు ఆక్షేపణ వ్రాసెను. 1941 ఆగష్టు 3వ తేదీన కాథలిక్కు బిషపు గాలెను ఈ హత్యలను పేరుపెట్టి దేవాలయమున ఖండించెను. ఆ నెలలోనే ప్రభుత్వము ఆ యేర్పాటును నిలిపివేసెను. తరువాతను రహస్యముగ సాగినను, అంతటి నిరంకుశుడును ప్రజాభిప్రాయమునకు వెఱచెనని తేలినది. యూదుల విషయమున అట్టి గొంతు ఏల లేవలేదు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేక జర్మను సంఘము నేటికిని తల వంచుచున్నది.

5. రెండవ ప్రపంచయుద్ధము

1939 సెప్టెంబరు 1వ తేదీన జర్మనీ పోలండుపై దండెత్తెను. 1940లో ఫ్రాన్సు పడెను. 1941 జూన్ 22వ తేదీన రష్యాపై దాడి ఆరంభమయ్యెను. సైన్యము వెంటనే హత్య నడచెను. 60 లక్షల యూదులు చంపబడిరి. ఆష్‌విట్జు అను నొక్కచోటనే సుమారు 11 లక్షలమంది మరణించిరి. 1942 జనవరి 20వ తేదీన ఈ సంహారమునకు ఏర్పాట్లు చర్చించిన వాన్సీ సమావేశమున కూర్చున్న 15 మంది అధికారులలో సగముమందికి మించి విశ్వవిద్యాలయ డాక్టరు పట్టములు గలవారు.

ఆ యేడు యుద్ధము మన ప్రాంతమును తాకెను. 1942 ఏప్రిలు 6వ తేదీన జర్మనీ మిత్రులగు జపానువారి విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసెను. భారతీయుల నడుగకయే వారిని యుద్ధములోనికి దింపిన ప్రభుత్వమును వెడలిపొమ్మని జాతి యంతయు లేచినప్పుడు, ఆగష్టు 12వ తేదీన తెనాలిలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలియైరి. రణరంగ చౌకు వారి జ్ఞాపకార్థమే. ఆ సమయముననే సుమారు 25 లక్షల భారతీయ సైనికులు హిట్లరునకు, అతని మిత్రులకు ఎదురుగ పోరాడుచుండిరి. సుమారు 87,000 మంది మరణించిరి. ఒకే కాలమున మన దేశము రెండు విధముల నిరంకుశత్వమును ఎదిరించినదని దీనివలన తెలియును.

1945 ఏప్రిలు 30వ తేదీన హిట్లరు ఆత్మహత్య చేసికొనెను; మే 8వ తేదీన జర్మనీ లొంగిపోయెను. ఆ యక్టోబరులో స్టుట్‌గార్టున జర్మను సంఘపెద్దలు తాము మఱింత ధైర్యముగ సాక్ష్యమియ్యలేదని ఒప్పుకొనిరి. ఆ యొప్పుకోలులోను యూదుల పేరు రాలేదు. 1949లో దేశము రెండుగ చీలెను.

6. మనకు పాఠము

మొదటి ప్రశ్నకు రండు. చదువు ఆ జాతిని ఏల కాపాడలేకపోయెను? వారు లోపము లేక చదివిరి; చెప్పినట్లు వినుట నేర్చిరి; ఎప్పుడు వినరాదో నేర్వలేదు. పరీక్షలో మొదటివాడగుట వేఱు. తన ప్రక్కన కూర్చున్న బాలుని బెంచీనుండి లేపినప్పుడు తానును లేచి నిలుచుట వేఱు. రెండవది నేర్పని పాఠశాల పాఠశాల కాదని మా యభిప్రాయము.

రెండవ పాఠము జన్మమును గూర్చినది. తాతలను విచారించి మనుష్యుని విలువ కట్టు పద్ధతి మన మెఱుగనిది కాదు. మన మిషను పాఠశాలలకు మొదట వచ్చిన బాలురలో ననేకులు ఊరి బావియొద్దకు రానీయబడనివారి బిడ్డలు. 1950 నాటి రాజ్యాంగము 17వ యధికరణముచే అంటరానితనమును రద్దుచేసెను. అయినను 1985లో చీరాల చెంతనున్న కారంచేడులోను, 1991 ఆగష్టు 6వ తేదీన తెనాలి చెంతనున్న చుండూరులోను దళితులు చంపబడిరి. చుండూరులో చనిపోయినవారు 8 మంది. జర్మనీలో జరిగినదియు నిదియు ఒక్కటే యని మేము చెప్పుట లేదు. రెంటికిని విత్తనము మాత్రము ఒకటే: పుట్టుకచే ఒకడు తక్కువవాడను మాట. ఆ మాట బడిలో, భోజనపుబల్లయొద్ద, పెండ్లిసంబంధములలో, క్రైస్తవులగు మనయందును వినబడుచున్నది. దానిని ఎవడు పలికినను ఊరకుండకుడు.

మూడవది ఆశనిచ్చునది. 1989లో తూర్పు జర్మనీయందలి లైప్‌జిగు నగరమున, సెంటు నికొలసు దేవాలయములో సోమవారపు ప్రార్థనలకు కూడిన జనులు క్రొవ్వొత్తులతో వీథులలో నడచిరి. అక్టోబరు 9వ తేదీన సుమారు 70,000 మంది నడువగా, ఆయుధములతో సిద్ధముగనున్న సైనికులు కాల్పక ఊరకుండిరి. ఒక నెలకు బెర్లినుగోడ తెఱువబడెను. 1990 అక్టోబరు 3వ తేదీన దేశము మరల నొక్కటయ్యెను. 1848లో సెంటుపాల్ దేవాలయమున మొదలుపెట్టి విడువబడిన మార్గమే యిది. ఇనుముతో కట్టిన ఐక్యము 75 సంవత్సరములలోపల కూలినది. నిరాయుధులు నడచి తెచ్చిన ఐక్యము నిలిచియున్నది.

అభ్యాసప్రశ్నలు

1. జర్మను ఐక్యమునకు 1848లోను 1871లోను త్రొక్కిన మార్గములకు గల భేదమేమి? బాపట్ల మహాసభ మార్గము వీనిలో దేనికి సమీపము?
2. వైమారు రాజ్యాంగములోని 48వ యధికరణమువలన కలిగిన కీడేమి?
3. 1933లో జర్మను ఉపాధ్యాయుడు చేయదగియుండి చేయనిది ఏది? విద్యార్థి చేయదగియుండి చేయనిది ఏది?
4. మీ తాతలకాలమున మీ ఊరిలో ఎవరెవరికి బడిలో ప్రవేశము లేకుండెనో పెద్దల నడిగి, ఒక పుట వ్రాసి తెండు.